సూది వేసే చేయి

ఏ.ఎన్.ఎం. మన ఊరికి వస్తుంది. పిల్లలకు టీకాలు వేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకు సూది వేస్తుంది. చిటికెలో పని అయిపోతుంది. ఆ చిటికెడు పని నేర్చుకోవడానికి ఆమె ఎంత కష్టపడిందో తెలుసా?

నర్సు పని నేర్పే బడులు ఉన్నాయి. అక్కడ చేరిన ఆడపిల్ల చేతికి మొదటి రోజే సూది ఇవ్వరు. ముందు మన ఒంటి గురించి చెబుతారు. పైన చర్మం. దాని కింద కొవ్వు. ఆ కింద కండ. కొన్ని మందులు కండలోకి పోవాలి. అప్పుడు సూదిని నిలువుగా గుచ్చాలి. కొన్ని చర్మం కిందికి పోవాలి. అప్పుడు ఏటవాలుగా గుచ్చాలి. బి.సి.జి. టీకా చర్మం పొరలోనే ఉండాలి. దానికి సూదిని దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుంటారు. సరిగ్గా పడితే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది.

పిరుదులో కాలికి పోయే పెద్ద నరం ఉంది. సూది దానికి తగిలితే కాలు చచ్చుబడవచ్చు. అందుకే పసిపిల్లలకు కండలో వేసే టీకాను తొడకు, బయటి వైపున వేస్తారు.

ఇక చేతికి పని. మొదటి సూది మనిషికి కాదు, పండుకు! బత్తాయో, నారింజో తెస్తారు. సిరంజిలో మంచినీళ్లు ఎక్కిస్తారు. గాలి బుడగలు పోగొడతారు. గీతలు చూసి సరిగ్గా అర మిల్లీలీటరు ఉంచుతారు. పండుకు గుచ్చుతారు. తొక్క దాటగానే సూది మెత్తగా దిగుతుంది. ఆ తేడా చేతికి తెలియాలి. ఒకసారి కాదు, పదిసార్లు కాదు, చేయి కుదిరేదాకా చేయిస్తారు. రబ్బరు బొమ్మ చేతి మీద కూడా చేయిస్తారు.

ఆ తర్వాతే మనిషి. పంతులమ్మ పక్కనే నిలబడుతుంది. ఎంత నేర్చుకున్నా ఆ రోజు చేయి వణుకుతుంది. కొందరు పంతులమ్మలు అందరి ముందూ గదుముతారు. గదిమితే చేయి ఇంకా వణుకుతుంది. తెలిసిన పంతులమ్మ ముందు తాను వేసి చూపిస్తుంది. తర్వాత పిల్ల చేత వేయిస్తుంది. తప్పు ఉంటే పక్కకు పిలిచి చెబుతుంది.

మెల్లగా గుచ్చితే నొప్పి తక్కువని కొత్తవాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. బెదురుతూ గుచ్చితేనే నొప్పి ఎక్కువ. సూది చటుక్కున దిగాలి. రోగితో నాలుగు మాటలు మాట్లాడుతూ ఉండాలి. కండ బిగపట్టకుండా వదులుగా ఉంచమనాలి.

సూది పట్టే ముందు చేతులు కడుక్కోవాలి. అయిదు సంగతులు సరిచూసుకోవాలి. ఎవరికి? ఏ మందు? ఎంత? ఏ దారిన? ఎప్పుడు? సీసా మీద పేరు చదవాలి. గడువు తేదీ చదవాలి. ఇప్పుడు మీకూ చదవడం వచ్చు కదా. సీసా అడిగి చూడండి. అడిగితే తప్పులేదు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. ఈ ఒక్క మాట బడిలో వందసార్లు చెబుతారు. మూత పెట్టబోతే వేలికి గుచ్చుకుంటుంది. సూదికి అంటిన నెత్తురు కంటికి కనిపించకపోవచ్చు. దాంతోనే హెచ్.ఐ.వి. రావచ్చు. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి, సి రావచ్చు. అందుకే వెంటనే సూదిని కట్టరుతో కోసేయాలి.

వెనక గాజు సిరంజిలు ఉండేవి. నీళ్లలో మరగబెట్టి మళ్లీ మళ్లీ వాడేవారు. ఇప్పుడు టీకాలకు వాడే సిరంజి ఒకసారి నొక్కితే బిగుసుకుపోతుంది. మళ్లీ పనికిరాదు. ఆ జాగ్రత్త లేనిచోట ఏమవుతుంది? 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్ బి వ్యాపించింది. వాడిన సిరంజిలనే మళ్లీ వాడడం దానికి కారణం. చాలామంది చనిపోయారు.

కొందరు కాస్త జ్వరం రాగానే “ఒక సూది వేయి డాక్టరూ” అంటారు. మాత్రతో తగ్గేదానికి సూది ఎందుకు? అవసరమై వేయించుకుంటే, కొత్త సిరంజి కవరు మీ కళ్ల ముందే చింపమనండి.

సూది వేశాక ఆ చోట దూదితో అదిమి పట్టాలి. రుద్దకూడదు. టీకా వేయించిన బిడ్డతో అరగంట అక్కడే కూర్చోండి. ఎక్కడో ఒక బిడ్డకు మందు పడక ఆయాసం రావచ్చు, ఒళ్లు దద్దుర్లు తేలవచ్చు. అప్పుడు ఏ.ఎన్.ఎం. దగ్గర ఉంటే వెంటనే చూస్తుంది.