ఆఫ్రికా మార్పును గుర్తు పట్టడమెలా?

మాలో చాలామందికి ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. సెలవులకు ఊరికి పోగానే, "చదువుకున్నవ్ కదా బిడ్డా, ఈ చేపను మడుగులో పెంచుకోవచ్చునా చెప్పు" అని అడుగుతుంటారు. 2015లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసిన రైతుకు, చెరకు కొట్టే కూలికి కొత్త బతుకుదెరువు అవసరమైంది. ఆ అవసరం చూసే కొందరు దళారులు "ఆరు నెలల్లో కిలో తూగే చేప" అని పిల్లల్ని అంటగడతారు. అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. శాస్త్రీయ నామం క్లారియస్ గేరీపైనస్.

ఇది నైలు నది మొదలు దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది దాకా ఉండే చేప. సుమారు 5000 ఏళ్ల కిందటి ఈజిప్టు రాజు నార్మర్ పేరును రాసే గుర్తుల్లో మీసాల చేప బొమ్మ ఒకటి. నైజీరియాలో నేటికీ దీన్ని దర్జాగా పెంచి తింటారు. అక్కడ అది సొంత చేప. మన దేశంలోకి మాత్రం 1990లలో బంగ్లాదేశ్ మీదుగా దొంగచాటుగా వచ్చింది.

మన మార్పుకూ దీనికీ పోలికలెక్కువ. రెండింటికీ నాలుగు జతల మీసాలు, పొడవాటి వీపు రెక్క, పొలుసులు లేని ఒళ్లు. మొప్పల పైన చెట్టుకొమ్మల్లా చీలిన అవయవంతో గాలి పీలుస్తాయి. అందుకే ఒంటి తడి ఆరనంతసేపు తట్టలో కూడా బతుకుతాయి. మరి తేడా ఎక్కడ? మొదట సైజు చూడాలి. మన మార్పు అర మీటరు దాటడం అరుదు. ఆఫ్రికాది మీటరున్నర దాకా పెరిగి పదుల కిలోలు తూగుతుంది. తల పెద్దది, బల్లపరుపు; ముట్టె వెడల్పు. ఒంటిపై మచ్చమచ్చల చారలుంటాయి. పెద్దవాటికి తల కింది వైపు రెండు నల్లని పట్టీలు కనిపిస్తాయి. వేలెడు పిల్లల్లో ఈ గుర్తులేవీ తేలవు, మోసం జరిగేదీ అక్కడే. కాబట్టి పిల్లల్ని కొనేముందు మత్స్యశాఖ కార్యాలయంలో చూపించడం మంచిది.

పెంచకూడదనడానికి కారణం దాని నోరే. పురుగులు, కప్పలు, చిన్నచేపలు, కుళ్లిన మాంసం దేన్నీ వదలదు. కొందరు కబేళా వ్యర్థాలు వేసి పెంచుతారు, ఆ నీటి కంపు ఊరంతా భరించాలి. వానలకు మడుగు పొంగి ఇవి చెరువులో పడితే, 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా వదిలిన బొచ్చె, రవ్వ పిల్లలు వీటికి మేతే. నష్టపోయేది చెరువును నమ్ముకున్న మత్స్య సహకార సంఘం సభ్యులు, అంటే మన పక్కింటివాళ్లే. వీటిని నాశనం చేయాలని కేంద్రం 1997లోనే రాష్ట్రాలకు చెప్పింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పెంపకాన్ని నిషేధించింది. దాడి జరిగితే చేపల్ని గుంత తీసి పూడ్చేస్తారు. అప్పు మాత్రం పెంచినవాడి మీదే మిగులుతుంది, దళారి మీద కాదు.

అక్వేరియంలో ముచ్చటకు పెంచుదామన్నా కుదరదు. తోటి చేపల్ని మింగి, తొట్టి పట్టనంత అవుతుంది. అప్పుడు జాలిపడి నిజాంసాగర్ కాలువలోనో మంజీరలోనో వదలొద్దు. గాలి పీల్చే చేపే కావాలంటే మన మార్పునే పెంచుకోండి. లోతు తక్కువ నీళ్లు, దాక్కోవడానికి కుండ పెంకులు, తవుడు, తెలగపిండి, వానపాములు చాలు. పైన వల మాత్రం కప్పాలి, వాన రాత్రి పాకుతూ బయటపడుతుంది. చేత్తో పట్టేటప్పుడు పక్క రెక్కల ముళ్లు జాగ్రత్త.