చేపల మేతలో ఆ పొడి ఎందుకు?

ప్రశ్న: మా తాత చెరువులో చేపలకి తవుడులో ఏదో పొడి కలిపి వేస్తున్నాడు. అందులో బతికున్న సూక్ష్మజీవులు ఉన్నాయట! క్రిములు తింటే జబ్బు చెయ్యాలి కదా, చేపలు బాగా పెరగడమేమిటి?
– ఆరో తరగతి పాప, కొత్తవలస

జవాబు: రావలసిన అనుమానమేనమ్మా. ముందు మీ ఇంట్లో తరవాణి కుండ దగ్గరికి వెళ్దాం. రోజూ గంజి పోస్తూ ఉంటే అది పులుస్తుంది, కానీ కుళ్లదు. ఎందుకంటే అందులో చేరిన కొన్ని సూక్ష్మజీవులు గంజిని తిని ఆమ్లం తయారు చేస్తాయి. కుళ్లబెట్టే జీవుల్లో చాలావాటికి ఆ పులుపు పడదు. అంటే క్రిములన్నీ ఒక జాతివి కావు.

ఇప్పుడు చేప పొట్టలోకి చూద్దాం. బొచ్చెకి, రోహుకి మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. మేత తిన్నగా పేగులోకి పోతుంది. దాంతోపాటు చెరువు నీటిలోని సూక్ష్మజీవులూ పోతాయి. వాటిలో ఏరోమోనాస్ వంటివి, చేప నీరసపడ్డప్పుడు అదను చూసి ఒంటిమీద ఎర్ర మచ్చలు, పుండ్లు తెస్తాయి.

విశాఖలో బయల్దేరిన కిరండూల్ పాసింజరు సెలవు రోజున మీ స్టేషనుకి వచ్చేసరికి సీట్లు నిండిపోయి ఉంటాయి కదా? పొడిలోని మేలుచేసే జీవులు, అంటే ప్రోబయోటిక్స్, చేసేదీ అదే. పేగు గోడ మీద చోటు, తిండి ముందే పట్టేస్తాయి. వెనకొచ్చిన చెడ్డవాటికి నిలబడే జాగా తగ్గుతుంది. పైగా వీటి అలికిడికి చేప ఒంట్లోని రక్షణ కణాలు కూడా మేలుకుని ఉంటాయి.

మరి పెరుగుదల ఎలా? బాసిల్లస్ అనే రకం జీవులు తవుడులోని పిండినీ, నూనెగింజల చెక్కలోని మాంసకృత్తులనీ విడగొట్టే ఎంజైములను విడుదల చేస్తాయి. వేసిన మేత ఎక్కువగా అరుగుతుంది. అరిగిందే కండ అవుతుంది, అరగనిది రెట్టగా నీటిని పాడుచేస్తుంది.

ఒకప్పుడు ఈ పనికి యాంటీబయోటిక్స్ వాడేవారు. మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వెలుగులోకి వచ్చింది. దాన్ని కొద్దిగా మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా ఎదుగుతున్నాయని తర్వాత తేలింది. కానీ రోజూ మందు పడుతుంటే దానికి లొంగని మొండి క్రిములే మిగిలి వృద్ధి చెందుతాయి. అందుకే పెరుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ దేశాలు 2006 నుంచి పూర్తిగా ఆపేశాయి.

తాత పొడి కలిపేటప్పుడు దగ్గరుండి చూడు. చల్లారిన గంజిలోనే కలపాలి, వేడి గంజిలో ఆ జీవుల్లో కొన్ని చచ్చిపోవచ్చు. గంజి జిగురుకి పొడి మేతను అంటుకుంటుంది. నీడన ఆరనిచ్చి అదే రోజు వేసెయ్యాలి. కొల్లేరు వైపు అయితే అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో మేత పోసి, చెరువులో పాతిన వెదురు గెడలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర కొంచెం కొంచెంగా లాక్కుని తింటాయి.

ఇది మందు కాదు. నీరు చెడితే, చేపలు కిక్కిరిస్తే ఏ పొడీ కాపాడదు. ఒక్కసారి వేసి ఊరుకుంటే కూడా చాలదు, ఈ జీవుల్లో చాలావరకు కొన్నాళ్లకి రెట్టతోపాటు దిగిపోయే ప్రయాణికులే. తరవాణి కుండలో మీ అమ్మ రోజూ కొత్త గంజి ఎందుకు పోస్తుందో, తాత మళ్లీ మళ్లీ పొడి ఎందుకు కలుపుతున్నాడో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.