ధరల గ్రాఫులో గీత ఏమి చెబుతుంది?

పాల సేకరణ కేంద్రంలో గోడకు అంటించిన ధరల పట్టీని సభ్యులు రోజూ చూస్తారు. ఆ పట్టీలోని అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుంది. దాని సమీకరణం రాబట్టడం హైస్కూలు లెక్కే అయినా, అది చేతనైన కార్యదర్శికి సర్క్యులరులో విడమరచి చెప్పని సంగతులు కూడా తెలుస్తాయి. పలాస, టెక్కలి వైపు సంఘాలలో నన్ను తరచు అడిగే సందేహాలు దీనికి సంబంధించినవే.

అడ్డంగా వెన్న శాతం, నిలువుగా కిలో పాల ధర వేసుకోండి. ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం వద్ద స్థిరంగా ఉందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీ పట్టీలోవి వేరుగా ఉంటాయి. 5 శాతానికి 43 రూపాయలు, 8 శాతానికి 58 రూపాయలు. వెన్న 3 శాతం పెరిగితే ధర 15 రూపాయలు పెరిగింది. 15ను 3తో భాగిస్తే 5. ఇదే గీత వాలు. శాతానికి 5 రూపాయలు, పాయింటుకు 50 పైసలు అన్నమాట. కిలో పాలలో 1 శాతమంటే 10 గ్రాముల వెన్న. కనుక వాలును 100తో హెచ్చిస్తే కిలో వెన్నకు 500 రూపాయలు కడుతున్నారని తేలుతుంది. సర్క్యులరులో ఇచ్చిన కిలో వెన్న ధరతో ఇది సరిపోవాలి.

వాలు కోసం బిందువులను దూరదూరంగా తీసుకోవాలి. 6.0, 6.2 వంటి పక్క బిందువులు తీసుకుని ధర చదవడంలో అర్ధరూపాయి తేడా వస్తే వాలులో రెండున్నర రూపాయల తేడా పడుతుంది. 5, 8 తీసుకుంటే అదే అర్ధరూపాయికి 17 పైసల తేడాయే. గీత ఎంత నిటారుగా కనబడుతోందన్నది కూడా నమ్మరాదు. నిలువు గళ్ల కొలత మారిస్తే అదే గీత కొబ్బరిచెట్టులా లేచి నిలబడుతుంది.

ఎక్కువమంది పొరబడేది అంతరఖండం దగ్గర. గేదెపాల గ్రాఫును 5 శాతం నుంచి మొదలుపెడితే గీత ఎడమ అంచును 43 దగ్గర తాకుతుంది. అది అంతరఖండం కాదు, ఎందుకంటే ఆ అంచు వెన్న సున్నా ఉన్న చోటు కాదు. 43 నుంచి 5 × 5, అంటే 25 తీసివేయాలి. మిగిలేది 18.

ధర = 5 × వెన్న శాతం + 18

6 శాతానికి వేసి చూడండి, 48 రూపాయలు వస్తుంది. 18కి బదులు 43 వేస్తే 73 వచ్చి కూర్చుంటుంది! ఈ 18 రూపాయలు కిలో పాలలో ఉన్న 90 గ్రాముల ఎస్.ఎన్.ఎఫ్. వెల, అంటే కిలో ఎస్.ఎన్.ఎఫ్.కు 200. అంతేగాని వెన్నలేని పాలు తెచ్చినవారికి 18 రూపాయలిస్తారని కాదు. కనీస వెన్న శాతం కంటే దిగువన కోతలుంటే గీత అక్కడ విరుగుతుంది, ఈ సమీకరణం అక్కడ పనిచేయదు.

చేతితో నకలు తీసిన పట్టీలను కూడా ఇలాగే సరిచూడవచ్చు. 6.8 వద్ద 52 ఉండవలసిన చోట 51 అని పడితే ఆ చుక్క గీత కిందికి జారి వెంటనే కంటబడుతుంది. రోజుకు 5 కిలోలు పోసే ఇంటికి అది 15 రోజుల్లో 75 రూపాయల నష్టం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరి, జీడి తోటలు కూలిన ఉద్దానంలో పాల డబ్బు విలువ నేను చెప్పనక్కరలేదు.

ధర పెరిగిందని కొత్త పట్టీ వచ్చినప్పుడు పాత గీత పక్కనే కొత్త గీత గీయండి. కొత్త పట్టీలో 8 శాతానికి 61, 5 శాతానికి మునుపటిలాగే 43 ఉందనుకోండి. వాలు 6 అయింది, అంతరఖండం 13కు దిగింది. చిక్కటి పాలు పోసేవారికి మూడు రూపాయలు పెరిగింది, 5 శాతం వారికి పైసా పెరగలేదు. అలాకాక అంతరఖండం ఒక్కటే 18 నుంచి 20 అయితే గీత మొత్తం సమాంతరంగా పైకి జరుగుతుంది, అందరికీ కిలోకు రెండు రూపాయలు వస్తాయి. పెంపు ఈ రెండింటిలో ఏ రకమో సర్వసభ్య సమావేశానికి ముందే పాలకవర్గం తేల్చుకుని, రెండు గీతలున్న ఆ కాగితాన్ని పట్టీ పక్కనే అంటించాలి.