డ్రమ్ములో 14 టన్నులు.. చేతిలో 2 గంటలు

రోడ్డు మీద నెమ్మదిగా తిరిగే డ్రమ్ముతో వెళ్లే ఆర్‌ఎంసీ లారీని రోజూ చూస్తూనే ఉంటాం. హారన్ కొట్టి ఓవర్‌టేక్ చేసేస్తాం. దాన్ని నడపడం కూడా ఓ కెరియరే అంటే మన కాలేజీల్లో చాలామంది నవ్వేస్తారు. నవ్వే ముందు ఆ స్టీరింగ్ వెనకున్న లెక్క చూడండి.

గడియారంతో పోటీ

ఒక మామూలు ట్రాన్సిట్ మిక్సర్ 6 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు మోస్తుంది. క్యూబిక్ మీటరు బరువు దాదాపు 2.4 టన్నులు. అంటే డ్రమ్ములోనే 14 టన్నులకు పైగా సరుకు! సిమెంటుకు నీళ్లు తగలగానే రసాయన చర్య మొదలవుతుంది. అందుకే లోడైన 2 గంటల్లోపు దించేయాలన్నది ఐఎస్ 4926 ప్రమాణం చెప్పే సాధారణ నియమం. గట్టిపడటాన్ని ఆలస్యం చేసే రసాయనాలు కలిపితే కొంత వెసులుబాటు ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా డ్రమ్ము మాత్రం తిరుగుతూనే ఉండాలి.

పైగా బరువంతా ఎత్తులో ఉంటుంది, కదులుతూ ఉంటుంది. మలుపులో వేగం కాస్త ఎక్కువైనా బండి బోల్తా పడొచ్చు. టైము తరుముతున్నా అక్కడ నెమ్మదించగలగడమే ఈ పనిలో మొదటి నైపుణ్యం.

ఐదు బకెట్ల లెక్క

అసలు పరీక్ష సైట్లో ఎదురవుతుంది. లారీ లేటైంది, కాంక్రీటు బిగుసుకుంటోంది. ‘అన్నా, కాసిన్ని నీళ్లు కొట్టు, జారట్లేదు’ అంటాడు మేస్త్రి. డ్రమ్ము కడగడానికి లారీలోనే వాటర్ ట్యాంకు ఉంటుంది. వాల్వు తిప్పితే పని అయిపోతుంది.

కానీ ఆ లోడులో 2,000 కిలోల సిమెంటు, 900 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకోండి. నీటి, సిమెంటు నిష్పత్తి 0.45. ఇరవై లీటర్ల బకెట్లు ఐదు పోస్తే అది 0.50కి చేరుతుంది. విశాఖ లాంటి తీరప్రాంతంలో ఇనుము వేసి కట్టే కాంక్రీటుకు ఐఎస్ 456 అనుమతించే గరిష్ఠం 0.45 మాత్రమే. అంటే ఐదు బకెట్లతో ఆ స్లాబు ప్రమాణం తప్పింది. బలం తగ్గుతుంది, లోపలి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైకి చూస్తే మాత్రం ఏమీ తెలీదు.

‘నేను పొయ్యను, ప్లాంటు క్వాలిటీ ఇంజినీరుకు ఫోన్ చేస్తా’ అనగలిగే డ్రైవరే ఇక్కడ నిజమైన ప్రొఫెషనల్. లోడైన టైము, చేరిన టైము, దించిన టైము చలానాలో రాయించి సంతకం తీసుకోవాలి. 28 రోజుల క్యూబ్ టెస్టు ఫెయిలైతే డ్రైవరుకు అండగా నిలిచేది ఆ కాగితమే.

ఎలా చేరాలి?

• రవాణా వాహనం నడపాలంటే కనీసం 20 ఏళ్లు నిండాలి. లర్నింగ్ లైసెన్సుకు ముందు ఏడాదిపాటు ఎల్‌ఎంవీ లైసెన్సు ఉండాలి.

• ఎల్‌ఎంవీ పరిధి 7,500 కిలోల వరకే. ఈ బండికి హెవీ లైసెన్సు తప్పనిసరి.

• రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో హెవీ డ్రైవింగ్ నేర్పే శిక్షణ సంస్థ ఉంది.

• గల్ఫ్ వెళ్లాలనుకుంటే ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లండి.

చేరేముందు అడగండి

జీతమెంత, ట్రిప్పు బత్తా ఎంత? పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? 8 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇస్తారా? నగరాల్లో పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి కాబట్టి రాత్రి డ్యూటీలు మామూలే. మరి రెండు డ్యూటీల మధ్య నిద్రకు ఎన్ని గంటలు దొరుకుతుంది? తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు, బూట్లు ఎవరిస్తారు? డ్రమ్ములో గట్టిపడిన కాంక్రీటు కొట్టడానికి మనిషి దిగేటప్పుడు ఇంజిన్ తాళం ఎవరి దగ్గరుంటుంది? చివరి ప్రశ్నకు జవాబు సరిగ్గా రాకపోతే ఆ ఉద్యోగం వద్దు.

డిగ్రీ చేసి లారీ ఎక్కాలా అంటే, అందరూ ఎక్కక్కర్లేదు. బ్యాచింగ్ ప్లాంటు ఆపరేటర్, డిస్పాచ్, క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలూ ఇదే రంగంలో ఉన్నాయి. వాటిలో చేరేవాళ్లు మొదటి వారంలోనే ఒక్క ట్రిప్పు డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వెళ్లండి. లోడు ఎందుకు లేటవుతుందో, నీళ్లు పొయ్యమని ఎవరు అడుగుతారో ఆఫీసు కంప్యూటర్లో కనపడదు.