కదిలే బొమ్మలు - కట్టే చందా

కళను ప్రేమించడం వేరు. ఆ కళకు తగిన మూల్యం చెల్లించడం వేరు. ఈ రెండింటి నడుమ గల దూరమే అనేక సందర్భాలలో కళాకారుని జీవితాన్ని నిర్ణయిస్తున్నది. నేడు మన విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు ఆసక్తితో తిలకిస్తున్న జపాను బొమ్మల చిత్రాలు, అనగా 'అనిమే', ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ చిత్రాలు అభిమానుల వద్దకు ఏయే మార్గాలలో చేరినవి, వారు చెల్లించే పైకం ఎవరికి ముడుతున్నది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

1963 జనవరి 1వ తేదీన జపాను టెలివిజనులో ఒసాము తెజుకా రూపొందించిన 'తెత్సువాన్ ఆటము' ప్రసారం ప్రారంభమైనది. పాశ్చాత్యులకు ఇది 'ఆస్ట్రో బాయ్' అనే పేరుతో పరిచితం. వారానికొక అరగంట కథను చూచినందుకు ప్రేక్షకుడు విడిగా ఏమియు చెల్లించనక్కరలేదు. ఆ భారాన్ని ప్రకటనదారులు వహించారు. అయితే టెలివిజను సంస్థ ఇచ్చిన సొమ్ము నిర్మాణవ్యయానికి చాలలేదు. లోటును ఆటబొమ్మల అమ్మకాలవల్లను, విదేశీ ప్రసారహక్కులవల్లను పూడ్చుకోవలసి వచ్చినది. తెజుకా స్థాపించిన 'ముషి ప్రొడక్షన్' 1973లో దివాలా తీసినది. ఆనాడు ఒప్పుకొన్న తక్కువ ధరయే తరువాతి వారికి గుదిబండ అయినదని కొందరు విమర్శకుల అభిప్రాయం.

వీడియో కాసెట్టు రాకతో రెండవ ఘట్టం ఆరంభమైనది. టెలివిజనుతో నిమిత్తం లేకుండా నేరుగా కాసెట్టుగా వెలువడిన తొలి అనిమే 'డల్లోస్' 1983లో విడుదలైనది. అంతకు ముందే, 1977లో, అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో అభిమానులు ఒక సంఘంగా ఏర్పడినారు. జపాను, అమెరికా దేశాల టెలివిజను పద్ధతి ఒకటే కావడంచేత జపానులో నింపిన కాసెట్టు అమెరికాలోనూ ఆడేది. భాష తెలియని వారికోసం 1980ల చివర కొందరు ఇంటి కంప్యూటర్ల సాయంతో బొమ్మ అడుగున ఆంగ్లానువాదం చేర్చి, ప్రతులు తీసి పంచసాగారు. ఇది చట్టసమ్మతం కాదు. అయినప్పటికి వారు తమకు తామే ఒక కట్టుబాటు విధించుకొన్నారు: ఖాళీ కాసెట్టు ఖరీదు, తపాలా ఖర్చు మినహా లాభం తీయరాదు, ఏ సంస్థయైనా హక్కులు కొన్ననాడు పంపిణీ మానివేయవలె. అందరూ దీనిని పాటించారని చెప్పలేము గాని, ఈ అభిమానమే విపణికి పునాది వేసినది. 1988లో 'అనిమెగో', 'స్ట్రీమ్‌లైన్ పిక్చర్స్' వంటి సంస్థలు వెలసినవి. అనువాదంతో కూడిన కాసెట్టు ఒక్కటి 30 డాలర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పలికేది. అందులో తరచు రెండు మూడు భాగాలకు మించి ఉండేవి కావు. విద్యార్థికి అది సామాన్యమైన వెల కాదు.

మూడవ ఘట్టం ఇంటర్నెట్టుది. 2006లో ప్రారంభమైన 'క్రంచీరోల్' తొలినాళ్లలో అభిమానులు అనుమతి లేకుండా చేర్చిన చిత్రాలకు నెలవు. 2009 జనవరినుండి ఆ సంస్థ 'టీవీ టోక్యో'తో ఒప్పందం మేరకు 'నరుటో షిప్పుడెన్' వంటి చిత్రాలను ప్రసారం చేయసాగినది. చందాదారులకు జపానులో ప్రసారమైన గంటకే అందుబాటు. తక్కినవారికి ఆనాడు వారం తరువాత ఉచితంగా లభించేవి. దీనినిబట్టి ఒక సత్యం బోధపడుతున్నది. అభిమాని దొంగదారి తొక్కినది కేవలం పైకం మిగుల్చుకొనుటకే కాదు. తన భాషలో, సకాలంలో చూచే రాజమార్గం లేకపోవుటవల్ల కూడ. ఆ మార్గం తెరచిన మీదట లక్షలాది మంది చందా కట్టినారు. 2021లో సోనీ అధీనంలోని 'ఫ్యునిమేషన్' ఈ సంస్థను 117 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనుగోలు చేసినది.

మరి ఈ ధనం బొమ్మ గీసిన చేతికి అందుతున్నదా? అనేక అనిమేలకు పెట్టుబడి పెట్టేది ఒక 'నిర్మాణ సంఘం'. ప్రచురణకర్తలు, టెలివిజను సంస్థలు, సంగీత సంస్థలు, బొమ్మల వ్యాపారులు అందులో వాటాదారులు. లాభనష్టాలు వారివి. చిత్రశాల సంఘంలో వాటా పెట్టకపోతే దానికి దక్కేది ఒప్పుకొన్న కూలి మాత్రమే. చిత్రం లోకాన్ని జయించినా ఆ కూలి పెరగదు. జపాను యానిమేషను సంస్థల సంఘం లెక్క ప్రకారం 2023లో ఈ విపణి విలువ సుమారు 3 లక్షల 34 వేల కోట్ల యెన్లు. అందులో సగానికి పైగా విదేశాలనుండి వచ్చినదే. కాని 2015లో వెలువడిన చిత్రకారుల సంఘం సర్వేలో, ముఖ్యచిత్రాల నడుమ బొమ్మలను గీసే వారి సగటు వార్షికాదాయం 2013కు గాను సుమారు 11 లక్షల యెన్లు. అనగా నెలకు లక్ష యెన్లయినా లేదు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చదువవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము.

మన దేశం సంగతి. 1993లో దూరదర్శన్ హిందీలో ప్రసారం చేసిన 'జంగిల్ బుక్' జపాను చిత్రమేనని ఆనాడు చూచిన పిల్లలలో ఎందరికి తెలుసు? 2004నుండి 2017వరకు 'అనిమాక్స్' ఛానలు ఉండేది. 2022లో క్రంచీరోల్ భారతదేశంలో చందాను నెలకు 79 రూపాయలకు తగ్గించినది. 2023నుండి తెలుగు సంభాషణలనూ జోడించసాగినది. 2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' మన థియేటర్లలో తెలుగులోనూ విడుదలైనది. చందా కట్టలేని వారికి సైతం 'మ్యూజ్ ఏషియా', 'అనివన్ ఏషియా' వంటి సంస్థలు హక్కులు పొంది యూట్యూబులో కొన్ని చిత్రాలను ఉచితంగా చూపుతున్నవి. కనుక పేదరికం ఒక్కటే దొంగదారికి సాకు కాజాలదు. ఆ దారిన చూచినప్పుడు ప్రకటనల ఆదాయం పోయేది అపహర్తకే. చిత్రకారునికి ఒక్క యెన్ కూడ చేరదు.

అయితే చందా కట్టుటతోనే మన బాధ్యత తీరినదనుకొనుట కూడ పొరపాటే. అది తొలి మెట్టు మాత్రమే. కట్టిన సొమ్ములో శ్రామికుని పాలెంత అని అడుగుట రెండవ మెట్టు. 'చందా', 'హక్కు' అనే రెండు మాటలూ ఉర్దూలోను తెలుగులోను సమానంగా వాడుకలో ఉన్నవి. మొదటిది ప్రేక్షకుడు ఇవ్వవలసినది. రెండవది చిత్రకారునికి రావలసినది. ఈ రెండూ ఒకదానికొకటి చేరిననాడే అభిమానం సార్థకమని మా విశ్వాసం.