సైకీ కథ: అక్కల అసూయకు నవల చెప్పిన హేతువు

ప్రాచీన గాథలను నవలలుగా మరల చెప్పుట ఆధునిక పాశ్చాత్య సాహిత్యమున ప్రబలమైన సంప్రదాయము. అట్టి నవల మూలకథకు క్రొత్తగా చేర్చునదేమి? ఈ ప్రశ్నను సైకీ కథ ఆధారముగా పరిశీలింపదలచితిమి.

క్రీ.శ. 2వ శతాబ్దమున ఉత్తరాఫ్రికావాసియగు అపులేయుస్ లాటిన్ భాషలో రచించిన ‘బంగారు గాడిద’ అను గద్యకృతిలో ఈ కథ కలదు. సైకీ రాజపుత్రి. మన మన్మథునకు సాటియగు క్యూపిడ్ ఆమెను రాత్రులందే కలిసికొనును. తన రూపమును చూడరాదని నియమము. అక్కలిద్దరు ఆమె సౌధమును చూచి అసూయపడి, భర్త ఘోరసర్పమని నమ్మింతురు. ఆమె దీపమెత్తి చూచును. నూనెబొట్టు మీదపడి అతడు మేల్కొని విడిచిపోవును.

జానపదకథాసూచిలో 425వ రకముగా లెక్కింపబడు కథలు దీనికి బంధువులు. నార్వే కథలో భర్త తెల్ల ఎలుగుబంటి. క్రొవ్వొత్తి నిచ్చునది తల్లి. 1756లో బోమాంట్ అను రచయిత్రి ఫ్రెంచిలో ప్రకటించిన ‘సుందరి-మృగము’ కథలో దేవుడు మృగమయ్యెను, దీపము మాయమయ్యెను. అక్కల అసూయ మాత్రము నిలిచెను. తుదకు వారు శిలావిగ్రహములైరి. కథకు వారి దుష్టత్వము చాలును, హేతువుతో పనిలేదు.

నవలకు హేతువు కావలెను. సి.ఎస్. లూయిస్ 1956లో ప్రకటించిన ‘టిల్ వి హావ్ ఫేసెస్’ నవలను చెప్పునది పెద్దక్క ఓరుయల్. లూయిస్ చేసిన ప్రధానమైన మార్పు ఒక్కటే: సౌధము అక్క కంటికి కనబడదు. చెల్లెలు పాత్రలో మధువు నిచ్చితి ననును. అక్క చూచునది దోసిటిలోని నీరు. తల్లివలె పెంచిన చెల్లెలికి మతి చలించెననియో, ఏ దుండగుడో ఆమెను వంచించెననియో శంకించుట సహజమే. కావుననే తన ప్రాణము తీసికొందునని బెదిరించి దీపము వెలిగింపజేయును. ఇంతటితో అసూయ ప్రేమగా మారినట్లు తోచును. కాని వార్ధక్యమున దేవతలపై తన అభియోగమును చదువునప్పుడు, ఆ ప్రేమలోనే చెల్లెలు తనకే దక్కవలెనను స్వార్థము కలదని ఓరుయలే గ్రహించును. మూలములోని అసూయ తొలగలేదు, లోతునకు దిగినది.

రాబిన్ మెకిన్లీ 1978 నాటి ‘బ్యూటీ’ నవలలో అక్కలను స్నేహశీలలుగా చిత్రించినది. కథ మధురమైనది, కాని అసూయతోపాటు దానికి హేతువేమన్న ప్రశ్నయు తొలగిపోయినదని మా అభిప్రాయము.

కనుక పరిశోధకులు మారిన సంఘటనలను లెక్కించుటతో తృప్తిపడరాదు. మూలమున ఎవరి పక్షము వినబడలేదో, నవల దానిని వినిపించెనా యని చూడవలెను. మన ఊర్వశీపురూరవుల కథయందును దర్శననిషేధభంగమే వియోగకారణము. దానిని నవలగా మరల చెప్పువారు మొదట గంధర్వుల పక్షమును వినవలసియుండును.