బరువైన కారే భద్రమా?

సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో ఒక్క నిమిషం నిలబడి చూడండి. వరంగల్ వెళ్లే బస్సులు, నాచారం పారిశ్రామికవాడ నుంచి వచ్చే లారీలు, డీసీఎంలు.. వాటి మధ్య సందు దొరికితే చాలు దూరిపోయే స్కూటర్లు. ఇదంతా చూశాక ‘చిన్న కారు వద్దు, పెద్దదే కొందాం’ అనిపించడం సహజం. మరి అందులో నిజమెంత?

బరువు ఎప్పుడు కాపాడుతుంది?

800 కిలోల చిన్న కారు, 1,600 కిలోల ఎస్‌యూవీ చెరో 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని అతుక్కుపోయాయనుకోండి. బరువైనది తేలికదాన్ని వెనక్కి నెట్టుకుంటూ దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే రెప్పపాటులో ఎస్‌యూవీ వేగంలో వచ్చిన మార్పు 33 కిలోమీటర్లు, చిన్న కారులో 67. ఈ మార్పు ఎంత ఎక్కువైతే లోపలున్నవారికి గాయాల ముప్పు అంత ఎక్కువ. కాబట్టి రెండు కార్లు ఢీకొన్నప్పుడు బరువైనదానిదే పైచేయి.

ఎప్పుడు కాపాడదు?

కదలని వాటిని గుద్దినప్పుడు బరువు అక్కరకు రాదు. 2017 మేలో జూబ్లీహిల్స్‌లో రెండు టన్నులకు పైగా బరువున్న ఖరీదైన ఎస్‌యూవీ మెట్రో పిల్లర్‌ను ఢీకొని, అందులోని ఇద్దరు యువకులు చనిపోయారు. మన ఉప్పల్ దారిలోనూ అడుగడుగునా పిల్లర్లే. వేగం రెట్టింపయితే ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుంది. పైగా ఎత్తయిన బండి ఒక్కసారిగా మలుపు తిప్పితే బోల్తా పడే అవకాశం ఎక్కువ.

స్టార్లు చూస్తున్నారా?

2023 అక్టోబరు నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ రేటింగులు ఉన్నాయి. ముందువైపు పరీక్షలో కారును 64 కిలోమీటర్ల వేగంతో నలిగే అడ్డుగోడకు గుద్దిస్తారు. ఇది దాదాపు అంతే బరువున్న మరో కారును ఢీకొన్నట్టు. అందుకే ఒకే సైజు కార్లను పోల్చుకోవడానికే స్టార్లు పనికొస్తాయి. బడ్జెట్‌లో పెద్దది కాదు, ఎక్కువ స్టార్లున్నది వెతకండి.

బెల్టు ముఖ్యం

కారు ఆగినా ఒళ్లు ఆగదు. ఒళ్లు ఆగినా లోపల మెదడు, కాలేయం, ప్లీహం కదిలి దెబ్బతింటాయి. సీటు బెల్టు ఆ కుదుపును ఎముకల మీదికి మళ్లిస్తుంది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే గాయపరచవచ్చు. వెనక సీట్లోనూ బెల్టు తప్పనిసరి. ఒడిలోని బిడ్డను ఆ వేగంలో చేతులతో ఆపడం ఎవరి తరమూ కాదు. చైల్డ్ సీటు వాడండి.

మరి స్కూటర్ సంగతి?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు, 19.5 శాతం పాదచారులు. మనం భద్రత కోసం కొన్న పెద్ద బండే వీరికి పెద్ద ముప్పు. రేపు కారు ఇంట్లో వదిలి, పాపను స్కూటర్‌పై బడికి దింపేటప్పుడు ఆ పాదచారులు, ఆ స్కూటరువాళ్లు మనమే! నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. అంతకన్నా చిన్నవారికి హెల్మెట్‌తోపాటు నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు.

దెబ్బ తగిలితే..

* 108కి ఫోన్ చేయండి. మెడ కదిలించకండి. ఊపిరి అందకపోతే తప్ప హెల్మెట్ లాగేయకండి. నీళ్లు తాగించకండి.
* పైకి గాయం లేకపోయినా వాంతులు, మగత, పెరిగే తలనొప్పి, కడుపునొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
* 2025 మే నుంచి ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా రూ.1.5 లక్షల వరకు నగదురహిత చికిత్స పథకం ఉంది. అడగండి.

కారు కొనడానికి ఆరు నెలలు ఆలోచిస్తాం. పిల్లల హెల్మెట్ కోసం ఈ ఆదివారం ఒక్క గంట కేటాయించలేమా?